బొటనవేలి గుంట

"ఒళ్ళు చేశాడమ్మా మా వాడు,"
మురిసిపోతోంది క్వార్లే ముసలమ్మ.
"బుగ్గలు చూడు, పాదాలు చూడు,
పొంగిన బన్నురొట్టెలు!"

టెషీ ఆసుపత్రి వరండా, బుధవారం.
సముద్రం రెండు సందుల అవతల.
పొగబెట్టిన చేపల వాసన
తలుపేసినా లోపలికి వస్తుంది.

అషిటే. రెండేళ్ళ నాలుగు నెలలు.
జుట్టు తుప్పు రంగు.
సూది చూసి కూడా ఏడవలేదు.
రోజంతా ఏడుపుల మధ్య పనిచేసేదాన్ని,
ఏడవని వాడంటేనే నాకు దడ.

పాదం మీద బొటనవేలు ఆనించి నొక్కాను.
ఒకటి, రెండు, మూడు.
వేలు తీశాను.
గుంట అలాగే ఉంది,
తడి ఇసుకలో ఎవరో నడిచి వెళ్ళినట్టు.

ఏం పెడుతున్నావు, అమెర్లే?
పొద్దున కెంకే. మాపటికి కెంకే.
పులిసిన మొక్కజొన్న ముద్ద, నూరిన మిరపకాయ.
చేప?
మోచేతుల దాకా పొలుసులు మెరుస్తున్నాయి ఆమెకి.
చేప బజారుకి, అంది.
వీపున కట్టుకున్న పసిది కదిలింది.
అది కడుపున పడ్డప్పుడే
వీడు పాలు మానాడట.

ఈ జబ్బు పేరు నర్సింగు పరీక్షలో తప్పు రాశాను.
క్వాషియోర్కర్.
ఒక అక్షరం పోయింది, ఒక మార్కు పోయింది.
అది మా గా భాష మాటే మరి,
మా అవ్వలు వాకిట్లో కూచుని అన్నదే:
వెనక బిడ్డ వస్తే ముందు బిడ్డకొచ్చేది.
తూకం లేదు, టేపు లేదు వాళ్ళకి.
వీపు దిగిన పిల్లల ముఖాలు చూసి కనిపెట్టారు.

ఇది కండ కాదు అవ్వా, నీరు.
రక్తం పట్టుకోలేక వదిలేసిన నీరు.
ఆమె నమ్మలేదు. బుగ్గ నిమిరింది.

మూడు గంటలకోసారి పాలు, చెంచాతో.
మాడిన కడుపుకి ఒక్కసారే గిన్నెడు పోస్తే
గుండె ఆగిపోవచ్చని
ఏ నోటితో చెప్పను తల్లికి?

ఎనిమిదో రోజుకి నీరు తీసేసింది.
పక్కటెముకలు బయటపడ్డాయి.
ముసలమ్మ నా మీద విరుచుకుపడింది:
"బొద్దుగా తెచ్చిస్తే
ఎండుచేప చేసి ఇస్తావా?"
కాగితం మీద తూకం గీత కిందికే దిగింది.
ఆ గీత చూసి నేను నవ్వాను.
నన్ను రాక్షసి అనుకుని ఉంటుంది.

పదమూడో రోజు పొద్దున
అమెర్లే చిన్నదానికి పాలిస్తోంది.
అషిటే లేచి కూచున్నాడు,
మంచం మీద పాకాడు,
చెల్లెలి కాలు పట్టి లాగాడు.
అది కెవ్వుమంది. వీడూ అందుకున్నాడు,
కోపం, చీమిడి, కన్నీళ్ళు అన్నీ కలిపి,
వార్డంతా తిరిగి చూసేంత ఏడుపు.

అమెర్లే చెయ్యెత్తింది.
వద్దు, అన్నాను.
లాగనీ.