బానెట్టు మీద చెవి

ఉరవకొండ తిప్పేస్వామి కారు అమ్ముతాడంటే
నాయనను వెంటబెట్టుకుని పోయినా.
లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన తెల్ల డీజిలు బండి.
ఎడమ తలుపు మీద ఎద్దుకొమ్ము గీత.

నాయన రంగు చూడలేదు, సీట్లు చూడలేదు.
"తాళం తిప్పప్పా" అన్నాడు.
గుత్తి డీజిల్ షెడ్డులో ముప్పై మూడేండ్లు
రైలింజన్ల గుండెలు విన్న చెవిని
బానెట్టుకు ఆనించి కండ్లు మూసుకున్నాడు.
ఆ చెవిలో సగం ఆ ఇంజన్లే తినేసినాయి.
మిగిలిన సగంతో విని, లేచి,
"మూడో ఇంజెక్టరు దగ్గుతాండాది" అన్నాడు.
తిప్పేస్వామి మళ్లా మా దిక్కు చూడలేదు.

నాది కండ్లద్దాల యాపారం.
సోమవారం పత్తికొండ, బుధవారం వజ్రకరూరు,
శనివారం తాడిపత్రి.
పెట్టెలో నూటా ఎనభై ఫ్రేములు,
ఒక అక్షరాల అట్ట, దాన్ని తగిలించను ఒక మేకు.
బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుంటే
దాని మీద ఎవరో ఒకరు
టిక్కెట్టు లేని బిడ్డను కూర్చోబెడతారు.

రాత్రి మాబున్ని లెక్కల పుస్తకం తీసింది.
"లీటరుకు ఇరవై రెండు ఇస్తాదంటివి.
దినామూ నూరు కిలోమీటర్లు తిరిగితే కదా ఆ మిగులు?
వాన పట్టి వారం ఇంట్లోనే ఉంటే?"
"ఈ సీమలో వారం వాన పట్టిందెప్పుడే?"
"వాన పడకపోతే అద్దాలు కొనేదెవరు?"
నేను నీళ్లు తాగినా.
"ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లు ఆపేస్తారంట."
"ఢిల్లీకి అద్దాలమ్మను పోతామా ఏం?"
ఆమె పేజీ మధ్యన గీత కొట్టలేదు.
ఒకే పక్క రాస్తా పోయింది:
టర్బో, టైమింగు బెల్టు, ఇన్సూరెన్సు,
చివర, ఎందుకో, బెల్లం అర్ధకిలో.

"డీజిలుకు దూరమే మేత" అంటాడు నాయన.
"కూరగాయలకూ మసీదుకూ తిప్పితే
లోపల మసి పేరుకుంటాది.
వారానికొకపారి నలభైనాలుగో నంబరు రోడ్డు మీద
తాడు విప్పి వదలాల."

మసి అన్న మాటకు అమ్మ వంటింట్లోంచి తల తిప్పింది.
ఆ నీలం చొక్కాలు ఉతికిన చేతులు ఆమెవి.
సబ్బు, కిరసనాయిలు, మళ్లీ సబ్బు.
కాలరు నుంచి దిగిన నల్లనీళ్లు పోసిన చోట
జామచెట్టు బతికింది గానీ కాయలేదు.
"మళ్లా ఆ వాసన ఇంట్లోకా" అనలేదు.
తిరగమాత ఘాటుకు పెట్టుకున్నట్టే
కొంగు ముక్కుకు పెట్టుకుంది.

నాకు ఆ వాసనంటే
నైట్ డ్యూటీ దిగి నాయన వచ్చిన తెల్లారుజాము.
టిఫిను డబ్బాలో మిగిలిన జొన్నరొట్టె,
అంచున నల్లటి వేలిముద్ర.
ఆ ముద్ర పడిన ముక్క కోసమే
నేనూ చెల్లెలూ కొట్లాడేది.
దీన్ని మాబున్ని పుస్తకంలో
ఏ వరుసలో రాయమనాల?

షెడ్డుకు ఇప్పుడు కరెంటు ఇంజన్లు వస్తున్నాయంటే
నాయన పోయి చూసి వచ్చినాడు.
"మాటే లేదు వాటికి.
నొప్పి యాడుందో ఎట్ల చెప్తాయి?"
ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

వజ్రకరూరులో లింగమ్మవ్వకు అద్దాలు తగిలిస్తే
మొదట చూసింది నా మొగం కాదు,
దాటిపోయే లారీ తోక.
"ఏమప్పా, ఆ పొగ ఎప్పట్నుంచీ ఉండాదా?"
ఉండాదవ్వా.
"నా కంట్లో పువ్వనుకుంటి ఇన్నాళ్లూ."
నూటయాభై ఇచ్చింది. యాభై తిరిగిచ్చినా.
ఎందుకిచ్చినానో బస్సెక్కినాక కూడా తెలియలేదు.

ఆదివారం మళ్లా ఉరవకొండ.
ఎద్దుల సంతలో మాదిరి
చేతుల మీద తువాలు కప్పినారు
తిప్పేస్వామీ నాయనా.
లోపల ఎన్ని వేళ్లు ముడిచినారో
నూటా ఎనభై జతల అద్దాలున్న నాకు కనపడలేదు.
ఊరికే ఉండలేక బండి వెనక్కి పోయి
పొగగొట్టంలో వేలు పెట్టి తీసినా.
నల్లగా వచ్చింది.
తుడుచుకునేదానికి
చొక్కా తప్ప ఏమీ లేదు.