కోత

మా ఊళ్ళె కోత అంటె రెండే.
వరి కోత ఒకటి, కరెంటు కోత ఒకటి.
మొదటిది నాకొచ్చు.
రెండోది నన్ను ఏండ్లకేండ్లు సతాయించింది.
రాత్రి రెండింటికి త్రీఫేజు వస్తదని
టార్చిలైటు పట్టుకొని మోటరు కాడ కూసున్నోణ్ణి.
ఇప్పుడు షార్జాల నా మెడల బిళ్ళ మీద రాసి ఉన్నది:
సప్లయి విభాగం, కోతల బృందం.

పొద్దున ఐదింటికి లిస్టు వస్తది.
ఫ్లాటు నంబరు, మీటరు నంబరు, బాకీ.
పేర్లుండవు.
పేరుంటె చెయ్యి వణుకుతదని కావచ్చు,
అరబ్బీల రాస్తె మాకు చదవరాదని కావచ్చు.
గుల్‌జమాన్ బండి నడుపుతడు, నేను మెట్లెక్కుత.
జేబుల సీసపు సీళ్ళు, నడుముకు రెంచి,
తాళపుచెవుల గుత్తి ఒకటి.
నూట పన్నెండు బిల్డింగుల మీటరు గదులు
నడిస్తె గలగలమంటయి.

కరెంటు కోస్తె తెలుస్తది.
ఏసీ ఒక్కసారి మూలిగి ఊకుంటది,
అప్పటిదాక వినబడని పక్కింటి పసిపిల్ల ఏడుపు
గోడ దాటి వస్తది.
గ్యాసు కోస్తె ఏం తెల్వది.
పొయ్యి టక్కు టక్కుమంటది, అంటుకోదు. అంతే.

అసలు గ్యాసుకు వాసనే లేదట.
ట్రెయినింగుల ఇంజనీరు నజీబ్ చెప్పిండు:
భూమిలకెల్లి వచ్చేటప్పుడు అది ఉత్త గాలి లెక్క.
కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన మనమే కలుపుతం,
ఆపద ఇంట్లకొస్తె ముక్కుకు తెల్వాలె గదా అని.
ఆ దినం సంది నాదొకటే యోచన.
బాకీకి గూడ ఎవరన్న వాసన కలిపితె బాగుండు.

ఆగస్టు పదకొండు. లిస్టుల ఏడో వరుస.
రోల్లా వెనుక గల్లి, మూడో అంతస్తు, మూడొందల నాలుగు.
చదివిన. ఇంకోసారి చదివిన.
అది నూకరత్నం అక్క మెస్సు.
రెండు నెలల సంది నేను తినేది ఆడనే.

తలుపు తీసింది. చేతుల గంటె.
నా బిళ్ళ చూసింది, రెంచి చూసింది.
"నిన్నే పంపారా? సరే, లోపలికి రా, చల్లగాలి పోతాంది."
గోడకు మేకు, మేకుకు నోటుబుక్కు.
తెరిచున్న పేజీల నా పేరు నాకు కనబడ్డది:
మొగిలి, అరవై రెండు పూటలు.

నాకు కాంట్రాక్టరు ఇయ్యలే.
కాంట్రాక్టరుకు కంపెనీ ఇయ్యలే.
కంపెనీకి అక్క ఇయ్యలే.
అక్కకు నేనియ్యలే.
ఏ మ్యాపుల గియ్యని పైపులైను ఇది,
ఏడ వాల్వు కట్టినా
నా గంజు కిందనే మంట ఆరుతది.

"పులుసు మరుగుతుంది, దించాక కట్టేసుకో" అన్నది.
"పదకొండు మందికి క్యారేజీలు పంపాలి."
కుదరదని చెప్పాలె, రూలు అది.
నేను మీటరు ముందర గొంతుక్కూసున్న.
చివరి గడిల ఎర్ర అంకె తిరుగుతనే ఉన్నది,
వంజరం ముక్కలు ఉడికేదాక,
చింతపండు చిక్కబడేదాక.
పది నిమిషాలు ఎంత పొడుగుంటయో
మోటరు కాడ కాపలా ఉన్నోన్ని అడగాలె.

మంట తగ్గించింది. ఆర్పింది.
నేను వాల్వు అడ్డం తిప్పిన,
తీగె గుచ్చి సీసం ఒత్తిన.
రీడింగు మాత్రం
నేను తలుపు కొట్టినప్పటిది రాసిన.
ఇన్నేండ్ల నౌకరిల మొదటి తప్పు లెక్క.

అక్క ఏమనలే.
ఒక డబ్బకు మూత బిగించి నా చేతుల పెట్టింది.
గోడ కాడికి పోయి, పెన్ను దులిపి,
అరవై రెండు కొట్టేసి
అరవై మూడు రాసింది.

బండ్లె కూసుంటె గుల్‌జమాన్ ముక్కు ఎగబీల్చిండు.
"లీకేజీనా?"
అద్దం దించబోయిండు.
కాదన్న. డబ్బ ఒళ్ళె పెట్టుకొని
ఎనిమిదో వరుస మీద వేలు పెట్టిన.