నాలుగు మూలలు

పొద్దన్నే మూట తెచ్చి బండి మీద పడేసినాడు
మామిడిరసం ఫ్యాక్టరీ సూపర్‌వైజరు.
నలభై మూడు చొక్కాలు,
ప్లాస్టిక్ కవర్లో నలభై మూడు బిళ్లలు.
"కంపెనీ చేతులు మారింది మే,
పాతది పీకి కొత్తది అంటించాల.
కుట్టే పనిలేదు, వేడి చూపిస్తే అదే పట్టుకుంటాది"
అని చెప్పినాడు,
నేనెప్పుడూ వేడి చూడనట్టు.

మిట్టూరులో, కరెంటాఫీసు గోడ పక్కన
ఇరవై రెండేండ్లుగా ఇదే బండి.
టెంకాయ చిప్పల బొగ్గు రాజేసి
వేలు తడిపి పెట్టె అడుగున తాకితే
చుయ్‌మనాల, చురుక్కుమనకూడదు.
ఆ రెంటికీ నడుమ సందులోనే
మా ఇంటి కూడు.

ఊడదీసేది సులువే అనుకున్నా.
జిగురు కరిగినాక మూలలో గోరు దూర్చి లేపితే
పుండు మీద పట్టీ లేచినట్టు లేచింది.
కింద చూస్తే
చొక్కా.
కొన్ననాటి చొక్కా!
చుట్టూ అంతా ఎండకూ చెమటకూ సవుడుసబ్బుకూ
వెలిసి బూడిదైపోయుంటే
అరచెయ్యంత చదరం మాత్రం
నిన్న తానులోంచి చించినంత నీలం.

కొత్త బిళ్ల గుండ్రం.
ఒక ఆకు, ఒక కాయ, కింద ఏవో ఇంగ్లీషక్షరాలు.
ఎట్ల తిప్పి పెట్టినా
నాలుగు మూలలూ బయటికి తొంగిచూస్తాండాయి.

సరే, చెప్పిన పని చెయ్యాల కదా.
పాత పంచెగుడ్డ తడిపి, గట్టిగా పిండి, పైన పరిచి
పెట్టె దించి అదమాల. రుద్దకూడదు,
రుద్దితే బిళ్ల పక్కకు జరిగి వెక్కిరిస్తాది.
మా ఆయన షేరాటో తోలతాడు,
ఆయన కేకే నాకు గడియారం:
గిరింపేట సంతపేట కట్టమంచి మురకంబట్టూ...
ఆ దీర్ఘం ముగిసేలోగా పెట్టె ఎత్తెయ్యాల.
ఒక స్టాపు ఎక్కువైతే టెర్రీకాటన్ మెరుపెక్కుతాది
రెండైతే ముడుచుకుంటాది, ముసలామె నోరు మాదిరి.
ఎత్తినాక ముట్టకూడదు.
అందరూ చెడగొట్టేది ఇక్కడే.
వేడికి అంటుకుందనుకుంటారు,
అంటుకునేది చల్లారేటప్పుడు.

కాలరు లోపల మార్కరుతో పేర్లు.
దొరస్వామి. అంజూరప్ప. షంషాద్. ఏకాంబరం, చిన్న.
ఒక జేబులో బస్సు టికెట్టు, ఉతుకులకు మెత్తని ఉండయిపోయి.
ముంజేతుల మీద తోతాపురి సొన మరకలు;
వాటికి నా పెట్టె ఒకటే, కొత్త ఓనరూ ఒకటే,
దేనికీ లొంగవు.

ముప్పై ఒకటో చొక్కా, కస్తూరిది.
బిళ్ల లేపితే నీలం చదరం,
ఆ చదరం లోపల ఇంకా ముదురుగా
చిన్న ముక్కోణం.
పెట్టె పక్కన పెట్టి కాసేపు చూసినా.
అంటే నేను అంటించేది మూడోది.
కంపెనీలు వచ్చినాయి పోయినాయి,
ఆయమ్మకు గుండీలు కూడా మారలే.

సాయంత్రం సూపర్‌వైజరు ఒక చొక్కా విదిలించి చూసినాడు.
"మూలలు కనపడతాండాయే!
ఇంకొంచెం వేడి పెట్టుంటే..."
"ముడత తీసేది, జిగురు పట్టించేది నా పెట్టె పని.
వెలిసేదానికి ఎండ గావాల సామీ.
నాలుగు సీజన్లు ఆగు, అదే కలిసిపోతాది."

బిళ్లకు ఎనిమిది లెక్కన మూడొందల నలభై నాలుగు.
మూడొందల నలభై చేతిలో పెట్టి
చిల్లర లేదన్నాడు.
మూలకొక రూపాయి పట్టుకున్నాడేమో.

పాత బిళ్లలు ఎవురికీ అక్కర్లేదంట,
బండి కిందనే వదిలేసి పోయినాడు.
పెట్టెలో నిప్పు ఇంకా ఆరలే.
మా ఆయన ఖాకీ చొక్కాకు భుజం దగ్గర బీడీ కాల్చిన బొక్క.
వెనకాల మిగిలిన జిగురు చాలుతాదేమో చూద్దామని
ఒకదాన్ని పెట్టి అదిమినా.
గిరింపేట సంతపేట కట్టమంచి...

ఆటో ఆపి వచ్చి వంగి చూసినాడు.
"ఇదేం కంపెనీ మే?"
"మూసేసినారు.
చెయ్యి తియ్యి,
ఇంకా చల్లారలే."