గులాబీ జామ్

వూచ్ నగరంలో మా కాలువ
సోమవారం నీలం, మంగళవారం ఆకుపచ్చ.
మిల్లులో ఏ రంగు ఉడుకుతోందో
వంతెన మీంచి చూసి చెప్పేవాళ్లం.
మా నాన్న జెనోన్‌ది ఎరుపు సెక్షన్.
ఎంత తోమినా గోళ్ల సందుల్లో మిగిలి
ఆదివారం చర్చికి కూడా వెంట వచ్చేది.

బొగుమీవా గారి కొట్లో
ఈస్టర్ ఉపవాసాల ముందటి గురువారం పోంచ్కి.
పందికొవ్వులో వేగి, పైన పంచదార పాకం గడ్డకట్టి,
కొరికితే లోపల గులాబీ రేకుల జామ్.
మనిషికి ఆరు. అయిపోతే అంతే.
తెల్లారకముందే క్యూ మలుపు తిరిగి
బొగ్గు కొట్టు దాకా సాగేది.
నాకు తొమ్మిదేళ్లు. నా ముందు నలభై మంది.
బూట్లలో కాళ్లున్నాయో లేవో తెలీని చలి.

అప్పుడన్నాను, ముందున్న డాంకా చెవిలో:
"అది జామ్ కాదు తెలుసా, మిల్లు రంగు.
మా లెషెక్ నాలుక
మూడు రోజులైనా ఎరుపు దిగలేదు."
ఒక్క డాంకా వెళ్లిపోతే చాలనుకున్నాను.
నలభై ముప్పైతొమ్మిదైతే చాలు.

డాంకా వెళ్లలేదు.
తన ముందున్న ఆవిడ కోటు లాగింది.
మాట క్యూ వెంట పాకి
నాకంటే ముందు కౌంటర్ చేరింది.

మధ్యాహ్నానికి లెషెక్ ఆసుపత్రిలో ఉన్నాడు
(ఇంటి ముందు మంచు ఉండలు చేసుకుంటున్నాడు పాపం).
సాయంత్రానికి కథలోకి పీపాలొచ్చాయి,
రాత్రిళ్లు, కొట్టు వెనక గుమ్మంలోంచి.
పీపాలు మోయడానికి ఓ మనిషి కావాలి కదా.
ఎర్ర గోళ్ల మనిషి.

నాన్న షిఫ్టు దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు.
గుమ్మంలో బొగుమీవా గారు,
పిండి చేతులు ఏప్రన్‌కి తుడిచిందే తుడుస్తూ.
నాన్న ఎవరితోనూ వాదించలేదు.
ట్రేలోంచి ఒకటి తీసి, మూడు కొరుకుల్లో తిని,
అందరి ముందూ నాలుక చాపాడు.

ఎర్రగా ఉంది.
జామ్ తిన్న నాలుక ఎర్రగా ఉండక!
"చూశారా?" అన్నారు సగం మంది.
"చూశారా!" అన్నారు మిగతా సగం.

నేను బొగ్గు బస్తాల వెనక.
నిజం చెప్పడానికి నోరు తెరిస్తే
నా నాలుక ఏ రంగులో కనపడుతుందో అని
పళ్లు బిగించుకుని.

ఈస్టర్ నాటికి కొట్టుకి తాళం.
నాన్నని నీలం సెక్షన్‌కి మార్చారు.
నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.
అడిగి ఉంటే బావుండేది.

మొన్న వ్రోత్స్వాఫ్‌లో, ఆరో నంబరు ట్రాములో,
ఎదురు సీటు బామ్మ మనవడికి చెబుతోంది:
"వూచ్‌లో ఒకడుండేవాడురా,
పోంచ్కిలో మిల్లు రంగు కలిపేవాడు.
శవపేటికలో పెట్టాక కూడా
వాడి నాలుక ఎర్రగా వెలిగేదట."

మా నాన్న దగ్గుతో పోయాడు.
నోరు నేనే మూశాను, ఈ చేత్తోనే.
ఆ మాట అనబోయాను.

పిల్లాడు ఒళ్లోని పొట్లాన్ని చూశాడు,
కాగితం మీద నూనె మరక, ఒక్కటే పోంచ్కి.
"అయితే నాకొద్దు" అన్నాడు.

బామ్మ రుమాలు పరుచుకుంది.
తీరిగ్గా, కళ్లు మూసుకుని,
ఒక్క పలుకు కింద పడనీయకుండా తింది.
వేళ్లు నాకుతూ నన్ను చూసి
నవ్వింది, తొమ్మిదేళ్ల పిల్లలా.

నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.