వంపు

మొదటి గొట్టం నలిగింది.
రెండోది మాడి బుడగలు కట్టింది.
మూడోది వంగింది గానీ
తొంభై డిగ్రీలనుకున్నది
డెబ్బై దగ్గరే మొండికేసింది.

పార్క్‌లేన్‌లో మూడు దుకాణాలు తిరిగి
అడుగుకింతని బేరమాడి తెచ్చిన అక్రిలిక్.
ఇంక మిగిలింది రెండు మూరలు.

చిలకలగూడలో మూడో అంతస్తు గది,
ఏప్రిల్, రాత్రి తొమ్మిది.
హీట్ గన్ పట్టాలంటే ఫ్యాన్ ఆపాలి,
ఫ్యాన్ ఆపితే ముందు నేనే వంగిపోయేలా ఉన్నాను.
మంచం నిండా విప్పి పరిచిన కంప్యూటరు:
పంపు, రేడియేటరు, ప్రాసెసర్ నెత్తిన కూర్చోబోయే రాగి పలక,
స్టీలు గిన్నెలో నల్లటి రబ్బరు ఉంగరాలు.

కాలిన వాసనేందని
కింది వాటా విఠల్ కాక వచ్చాడు.
ముప్ఫై ఏళ్ళు నియాన్ గాజు వంచిన మనిషి.
క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్ళ నెత్తిన
ఎర్రగా వెలిగిన పేర్లలో సగం
ఆయన ఊపిరి పోసినవే.
ఎల్ఈడీలొచ్చాక మంట ఆర్పేసి
ఇప్పుడు లిఫ్టు పక్కన కుర్చీ వేసుకుంటాడు.

"గాజు కాదు కాకా, ప్లాస్టిక్."
విననట్టే గొట్టాన్ని బల్బుకేసి ఎత్తి
ఒంటికన్నుతో ఆ చివరిదాకా చూశాడు.

"ఎంత గాలిందో కంటితోని సూడకు.
మెత్తగైతే చేతిల ఊగుతది.
గప్పుడు నువ్వు వంచుడు కాదు,
దాన్నే వంగనియ్యి."

లోపల సిలికాన్ తాడు దూర్చి ఇచ్చాను.
ఇదెందుకన్నట్టు చూశాడు, తీసేయలేదు.
వేడిగాలి ముందు, వేళ్ళ మధ్య,
తిప్పుతూ, తిప్పుతూ,
జొన్నరొట్టె కాల్చేవాళ్ళ తీరికతో.
గొట్టం తల వాల్చింది.
అప్పుడు చూశాను,
ఆయన పెదాలు దాని కొసను వెతుక్కుంటూ ముందుకొచ్చి
మధ్యలో ఆగడం.
వంపు దగ్గర గాజు కూలిపోకుండా
ఊదుతూ నిలబెట్టేవాడట.
ఇక్కడ ఊదడానికి చోటు లేదు.
తాడుంది.

రెండు మూరల్లో మూడు వంపులొచ్చాయి.
జానెడు మిగిలింది కూడా.
దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని దిగిపోయాడు,
ఎందుకో అడగలేదు.

నీళ్ళు పోశాక రాత్రంతా కాపలా.
బోర్డుకు కరెంటివ్వకుండా పంపొక్కటే తిప్పి,
ప్రతి కీలు కిందా టిష్యూ కాగితం పరిచి.
బ్యాటరీ దుకాణంలో కొన్న డిస్టిల్డ్ వాటరు.
మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజొచ్చే ఇంట్లో
ఎక్కడికీ పోవాల్సిన పని లేని లీటరు నీళ్ళు
గుడగుడమంటూ చుట్టూ తిరిగాయి.

మూడున్నరకి నల్లా వచ్చింది.
కింద బిందెల చప్పుడుకి లేచి చూస్తే
ఒక కాగితం మీద పావలా అంత తడి.
టీ గ్లాసు పక్కన
గిన్నెలోంచి ఎప్పుడు దొర్లిందో
ఒక రబ్బరు ఉంగరం.

అన్నీ వొంపి, అన్నీ విప్పి,
అది పెట్టి, మళ్ళీ బిగించి, మళ్ళీ పోసి,
మళ్ళీ కాగితాలు.

మర్నాడు సాయంత్రం కాక అడిగాడు,
"గింత జేస్తే ఎంత సల్లగైతది?"
గది కన్నా చల్లగా ఏ నీళ్ళూ కావు కాకా.
"మరెందుకు?"
చప్పుడు తక్కువ, అన్నాను.
చూడ్డానికి బాగుంటుందని చెప్పలేదు.

నా పనేంటో కూడా ఆయనకప్పటిదాకా తెలీదు.
ఎవరిదో ఆటలో, ఎవరూ నడవని వీధుల్లో
దీపాలు పెడతాను.
స్విచ్చేశాను. గొట్టాల్లో వణుకు, తర్వాత ఏమీ లేదు.
పాతదానిలో నలభై నిమిషాలు పట్టే బొమ్మ
తొమ్మిదిలో తేలింది:
వాన తడి సందు, మూసిన చాయ్ బండి,
పైన గులాబీ రంగు నియాన్ కెటిల్.

కాక కుర్చీ దగ్గరికి లాక్కుని
నుదుటి మీది అద్దాలు ముక్కు మీదికి దించాడు.
నీళ్ళనీ చూడలేదు, గొట్టాలనీ చూడలేదు.

"కెటిల్ మూతి కాడ జూడు.
అంత ఇరుకుల గాజు వంగది బిడ్డా.
పగుల్తది."

మూతి దగ్గర వంపుని
ఓ వేలెడు తెరిచి
మళ్ళీ మొదలెట్టాను.
నీళ్ళు వెచ్చబడుతున్నాయి.