తలకిందులు సెయ్యకు

ఈ ఏడు పప్పుకి మంచి ధర పలికిందని
మా ఓనరు చక్రధరరావు గారు
పలాసలో మినీ బస్సెక్కించి
గ్రేడింగు ఆడవాళ్ళం పద్దెనిమిది మందిని
దీవి చూపించడానికి తీసుకెళ్ళారు.

వంశధార ఉప్పులో కలిసేచోట
పడవ ఎక్కేముందు ఒక చిన్న మిషను.
బొటనవేలు పెట్టమన్నాడు కుర్రాడు.
పెట్టాను. కాదంది.
చూపుడువేలు. కాదంది.
పాతికేళ్ళు జీడిపాలు తాగిన వేళ్ళు,
గీతలు ఎప్పుడో కారిపోయాయి.
"మీరు మీరేనా అమ్మా?" అని నవ్వాడు.
వెనకనుంచి సింహాలమ్మ అంది:
"కాదు బావూ, దాని సెల్లెలు. పడవ తియ్యి."

దీవి నిండా గడ్డి.
ఆవు మూతి పెట్టని గడ్డి,
సెలూన్లో కూర్చుని లేచినట్టున్న గడ్డి.
ఏ గొట్టంలోంచో నీళ్ళు లేచి
గిర్రున తిరుగుతూ దానికి స్నానం పోస్తున్నాయి.
చుట్టూ ఒడ్డున కావలసినంత ఇసక ఉండగా
మధ్యలో గొయ్యి తవ్వి
వేరే ఇసక తెచ్చి పోశారు.
బంతి అందులో పడితే తప్పంట.
సింహాలమ్మ చాలాసేపు ఆలోచించి
"డబ్బులున్నోల్లు తప్పులు కూడా కొనుక్కుంతారే" అంది.

ఓనరు గారు కర్ర ఎత్తారు.
మేం ఊపిరి బిగబట్టాం.
మొదటిసారి గడ్డి లేచింది, బంతి లేవలేదు.
రెండోసారి లేచింది,
సరుగుడు చెట్ల మీదుగా, కొంగలా.
ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.
చప్పట్లు మాత్రం కొట్టాం.
జీతమిచ్చే చెయ్యి కదా.

రాత్రి నిద్ర పట్టలేదు. పరుపు మరీ మెత్తన.
చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకొచ్చాను.
గనగళ్ల పోలయ్య ఉన్నాడక్కడ,
ఎర్ర లైటుతో, రెండు బకెట్లతో.
పగలు ఆటగాళ్ళకి బంతులు ఏరతాడు,
రాత్రి ఫారెస్టోళ్ళకి తాబేలు గుడ్లు ఏరతాడు.
"రెండూ ఒక్కటే సైజు, ఒక్కటే తెలుపు.
మొన్న నక్క మోసపోనాది.
బంతి కొరికి, తిట్టుకుంటా ఎలిపోనాది."

"కల్లు మూసుకో" అన్నాడు.
ఒక్కో అరచేతిలో ఒక్కోటి పెట్టాడు.
నవ్వొచ్చింది నాకు.
నూటెనభై, రెండొందల పది, రెండొందల నలభై, బద్ద, ముక్క,
ఊరి కబుర్లు చెప్పుకుంటూనే
వేరుచేసే వేళ్ళకి పరీక్షా!
ఎడమచేతిది మశూచి మొహం. ఎవరిదీ కాదు.
కుడిచేతిది
తడిగా, నొక్కితే చొట్టపడుతూ,
నిద్రపోతున్న పిల్ల చెవి తమ్మెలా.
తెలిసింది. చెప్పలేదు,
చెప్తే తీసేసుకుంటాడని.

"పైవైపు పైకే ఉండాల. తలకిందులు సెయ్యకు.
లోపల పేణం అంటుకోనుంటాది.
తిరగేస్తే సచ్చిపోద్ది."

వల కట్టిన చోటికి నలభై అడుగులు.
నిండు గ్లాసు మోసినట్టు నడిచాను.
సముద్రం పక్కనే అరుస్తూ ఉంది, వినలేదు.
మిషను ఒప్పుకోని బొటనవేలి కింద
ఏదో నన్ను ఒప్పుకుని ఊరుకుంది.

గొయ్యిలో పెట్టాను. నూట పదకొండోది.
పోలయ్య చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.
నలభై అయిదు రోజులాగితే పిల్లలట.
"అప్పుడొచ్చి సూడు" అన్నాడు.
టిక్కెట్టు ఎంతని నేనడగలేదు.

పొద్దున్న టిఫినుకి
పేరు తెలీని పళ్ళు, ఇడ్లీ, ఆమ్లెట్టు.
ఆమ్లెట్టు పక్కకి తోశాను.
తర్వాత ఫోటో:
ఒకే కర్ర, పద్దెనిమిది మందిమీ
వంతులవారీగా పట్టుకుని.

సోమవారం.
బల్ల మీద పప్పు కుప్ప, ట్యూబులైటు, తుమ్ములు.
చేతులు వాటంతటవే పరిగెడుతున్నాయి.
ఒక గింజ దగ్గర ఆగాయి.
మంచి గింజ, నూటెనభై,
వంపు పైకి ఉంది.
అలాగే ఎత్తి, అలాగే గంపలో దించాను.
సింహాలమ్మ నా వంక చూసింది.
"ఏటే, గింజకి దిష్టి తీస్తన్నావా?"

రోజుకింత తూకమని లెక్క.
తర్వాతి గింజకి వెళ్ళాను.