గడియ

ముప్పై ఏళ్ళుగా నాది
మూసుకున్న వాటితో వ్యాపారం.
పర్లాకిమిడి బస్టాండు పక్కన, నల్ల గొడుగు కింద
ఆకురాళ్ళూ తాళంచెవుల గుత్తులూ పరుచుకుని
ఎవరు ఏం పారేసుకొస్తారా అని చూస్తుంటాను.
ఒడియాలో అడిగితే ఒడియాలో, తెలుగులో అడిగితే తెలుగులో
చెప్పేది ఒకటే:
తాళం పాడవలేదు బాబూ, మనిషే మరిచిపోయాడు.

అలాంటి నన్ను
ఇంటికెళ్తే ఒక బూడిదరంగు పిల్లి
తలుపు కాడ జీతగాణ్ణి చేసింది.
గడియ అని పేరు పెట్టింది మా దమయంతి.
తలుపుకి వేసేదీ గడియే,
"ఒక్క గడియ ఆగవే తల్లీ" అని
రోజుకి పాతికసార్లు బతిమాలుకునేదీ దాన్నే.

వేస్తే తియ్యమంటుంది.
తీస్తే గుమ్మం మీద కూలబడుతుంది.
ముందుకాళ్ళు వసారాలో, వెనకకాళ్ళు వంటింట్లో,
పాతపట్నం దారిలో చెక్‌పోస్టు జవానులా
ఎవరినీ ఆపదు, ఎవరికీ దారివ్వదు.
"ఎల్తావా, ఉంటావా, ఏటో ఒకటి తేల్చు!"
చీపురు ఎత్తి అడుగుతుంది దమయంతి.
అది తోక ఆడిస్తుంది.
తేల్చేస్తే ఇంక తలుపుతో పనేముంది?

పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
దీనికి కూనలు లేవు.
తననే తాను తిప్పుకుంటుంది:
బియ్యం డబ్బా వెనక, మడతమంచం మడతలో,
కుట్టుమిషను కింద గుడ్డముక్కల్లో,
ఒకసారి నా చెప్పుల సంచిలో.

ఒక సాయంత్రం కబురొచ్చింది,
నబఘన సాహు కిరాణా కొట్టు బీరువాలో
ఏదో ఏడుస్తోందని, తాళంచెవి కనబడట్లేదని,
పోయిన వాళ్ళమ్మేమోనని.
కొట్టు ముందు ఇరవైమంది, ఒక అగరుబత్తి.
నేను తీగ పెట్టి తిప్పాను.
ఖాతా పుస్తకాల మీంచి ఒళ్ళు విరుచుకుంటూ
దిగింది గడియ.
ఎవరి మొహమూ చూడకుండా వీధి దాటి వెళ్ళిపోయింది.
కూలి తీసుకోవాలో, తిరిగి నేనే ఇచ్చుకోవాలో
ఇప్పటికీ తెలీదు నాకు.

ఆ అక్టోబరులో తుఫాను.
తిత్లీ అని పేరు పెట్టారు, సీతాకోకచిలుకట.
పెరట్లో గడియ ఎన్నింటిని పట్టి ఉంటుందో!
ఈసారి అదే వచ్చింది వెతుక్కుంటూ.

మాకింకా గాలి తెలియకముందే
సాయంత్రం నించే పిల్లి లేదు.
రాత్రి రేకులు లేచిపోతుంటే
దమయంతీ నేనూ వీపులు తలుపుకి ఆనించి
కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడ్డాం.
నేను స్వయంగా బిగించిన ఇనప గడియ.
అది ఊడలేదు.
బందులు ఊడాయి.
గడియతో సహా తలుపు మొత్తం
మా మీంచి ఎగిరిపోయింది.

పొద్దున్నకి ద్వారబంధం మిగిలింది,
దాని నిండా ఆకాశం.
ఆ వారమంతా గొడుగు వెయ్యలేదు నేను.
తాళం వేసుకోవడానికి ఊళ్ళో చాలామందికి తలుపుల్లేవు.
కరెంటు లేదు, నీళ్ళ ట్యాంకరు వస్తే వచ్చినట్టు.
దమయంతి మాత్రం గిన్నెల మీద మూతలు తీసి తీసి చూసింది,
అది పట్టని గిన్నెల మీద కూడా.

నాలుగో రోజు పెరట్లో గీకుతున్న చప్పుడు.
పడిపోయిన అరటిచెట్ల మధ్య
బురదలో వెల్లకిలా పడున్న మా తలుపు.
దాని నడుమ కూర్చుని, ఎముకలు తేలి,
చెక్కని గోళ్ళతో బరుకుతోంది గడియ.
మా వైపు చూసి అరిచింది.
తియ్యమని.

నేను వంగి ఒక అంచు పట్టుకుని పైకి లేపాను.
అది కిందకి దూకి, వంగి చూసింది.
తడిమట్టి, ఒక వానపాము,
అప్పుడే తెల్లబడుతున్న నాలుగు గడ్డిపోచలు.
ముక్కు ఒకసారి లోపల పెట్టింది.
వెనక్కి తీసుకుంది.
సగం నీడలో, సగం ఎండలో
చతికిలబడింది.

నా చేతులు లాగుతున్నాయి.
దమయంతి వచ్చి రెండో అంచు పట్టుకుంది.
ఎల్తావా, ఉంటావా
అని ఈసారి అడగలేదు.